మూత వెనక పేరు

నాకు కోపం ఎక్కువని బొంబాయి కామాటిపురలో మా చాల్ మొత్తం అనుకుంటుంది. అనుకోనీ. మా మరదలు సీమా చేసిన పని వాళ్లిళ్లలో ఎవరైనా చేసి ఉంటే అప్పుడు తెలిసేది, కోపమంటే ఏమిటో.

పోయినేడు దీపావళి ముందరి సంగతి. గదికి సున్నం వేయించాలని సీమా సామానంతా గదుల ముందరి గ్యాలరీలోకి లాగింది. అటక మీంచి ఒక బిస్కెట్ల డబ్బా దొర్లిపడింది. తుప్పుపట్టి దాని మూత రాలేదట. రాకపోతే పక్కన పెట్టొచ్చు కదా! సరిగ్గా అప్పుడే కింద గల్లీలో భంగార్‌వాడు కేకేశాడు. పాత రేకులు, పగిలిన బకెట్టుతో పాటు ఆ డబ్బాను కూడా తూకానికి వేసి పంపించేసింది మహాతల్లి. అందులో మా నాయిన కళ్లద్దాలున్నాయి. ఆయన చేతి గడియారం ఉంది.

చాల్‌లో ఈ కొసన నేనుంటాను. ఆ కొసన మా తమ్ముడు మంగేష్, సీమా, వాళ్ల కొడుకు స్వప్నిల్. నాకు సంగతి తెలిసేసరికి భంగార్‌వాడు ఏ గోదాములో ఏం పోసుకున్నాడో ఎవరికీ తెలియదు. నేను వెళ్లి అరిచిన అరుపులకు కింద ఇస్త్రీ బండివాడు పెట్టె పక్కన పెట్టి మరీ తలెత్తి చూశాడు.

"అది నడుస్తనే లేకుండె వదినె. బంద్ పడ్డ గడియారానికి గింత లొల్లా?" అంది సీమా.

"ఆఖరికి మీ మామ కూడ నడుస్తలేకుండె. ఆయన్ని గూడ తూకానికేస్తుంటివా?" అన్నాను.

మంగేష్ టీవీ సౌండు పెంచాడు. వాడెప్పుడూ అంతే. ఇంట్లో ఏం కాలిపోతున్నా వాడికి క్రికెట్ కనబడితే చాలు.

సీమా అన్నది నిజమే, ఆ గడియారానికి విలువేమీ లేదు. జనతా గడియారం. తెల్ల ముఖం, రోజూ చావీ ఇవ్వాలి. ఆ కాలంలో ప్రతి మేస్త్రీ చేతికీ, ప్రతి గుమాస్తా చేతికీ అదే. నేనేడ్చింది గడియారం కోసం కాదు. దాని వెనక మూత కోసం.

మా నాయిన పేరు గంగారాం. మేస్త్రీ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వాళ్ల నాయిన వెంట వచ్చి, ఈ ఊళ్లో ఎవరెవరికో ఎన్ని మేడలు కట్టాడో లెక్కలేదు. పెళ్లయి నేను పుట్టాక ఆయనకు చదువు మీద మనసు పుట్టింది. అప్పట్లో మా గల్లీలో కూలివాళ్ల కోసం తెలుగు రాత్రిబడి ఉండేది. పొద్దంతా సిమెంటు కలిపి, సాయంత్రం కాళ్లు కడుక్కుని పలక పట్టుకుని వెళ్లేవాడట. అక్షరాలయ్యాయి, గుణింతాలయ్యాయి. ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి పంతులు ఊరికి వెళ్లి మళ్లీ రాలేదు. బడి మూతపడింది.

మేస్త్రీలకు ఒక అలవాటుంటుంది. గచ్చు ఆరకముందే ఒక మూల మేకుతో తేదీయో, పేరో గీస్తారు. నాయినకు ఆ గీతలంటే సరదా. ఒక ఆదివారం గడియారం విప్పి, వెనక్కి తిప్పి, ఉక్కు మేకుతో మూత మీద గీయడం మొదలుపెట్టాడు. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. అప్పటికి మునిసిపాలిటీ తెలుగు బడిలో నాకు ఒత్తులు కూడా వచ్చేశాయి. ర గీశాడు. త గీశాడు. న గీస్తుంటే మేకు జారి, తలకట్టు అంచుదాకా సాగిపోయి, మొన బొటనవేలికి దిగింది. ఆ వేలు నోట్లో పెట్టుకునే నాకు చూపించాడు.

"నాయినా, తప్పు రాసినవ్. నా పేరు రత్న. త కింద న ఒత్తు రావాలె. ఇది రతన అయింది," అన్నాను పెద్ద పంతులమ్మలాగా.

"నేను నిన్ను ఏమని పిలుస్త బిడ్డా?"

"రతనా అని."

"మరి నేను రాస్తే రతననే అయితది," అన్నాడు నాయిన.

ఆయన తన జీవితంలో రాసిన పేరు అదొక్కటే. సంతకానికి వేలిముద్రే వేసేవాడు, సిగ్గుపడి. నా పేరు మాత్రం రాశాడు. అది కూడా మూత మీద, ఒంటికి తగిలేవైపు, ఎవరికీ కనబడకుండా. ఇప్పుడు చెప్పండి, నేను అరవడం తప్పా?

మంగేష్ బడికి వెళ్లే వయసుకు తెలుగు బడిలో పిల్లలే లేరు. వాణ్ణి మరాఠీ బడిలో వేశారు. వాడి కొడుకు సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తిడతారు, చచ్చిపోయినవాళ్ల కోసం ఏడుస్తారు. చదవడం మాత్రం నాకొక్కదానికే వచ్చు.

ఈ స్వప్నిల్ మొబైల్ దుకాణంలో పనిచేస్తాడు. వాడికో పిచ్చి ఉంది. ప్రతి శుక్రవారం తెల్లారగానే నాగ్‌పాడా దాటి చోర్ బజార్ గల్లీలకు పోయి పాత గడియారాలు ఏరుకొస్తాడు. బాగుచేసి, మెరుగుపెట్టి, ఫోటోలు తీసి ఇన్‌స్టాలో పెడితే ఎక్కడెక్కడివాళ్లో కొంటారట. నన్ను అత్తా అని పిలవడు, మరాఠీలో ఆత్యా అంటాడు, తాతను ఆజోబా అంటాడు. మనిషి మంచివాడే. తల్లి చేసిన పనికి వాడొక్కడే సిగ్గుపడ్డాడు.

"ఏడువకు ఆత్యా. భంగార్ మాల్ ఎన్నడన్న ఒక రోజు చోర్ బజారుకు వస్తది. నేను దూండ్త," అన్నాడు. "కానీ జనతా పీసులు మస్తుంటయ్. ఆజోబాది అని ఎట్ల గుర్తుపట్టాలె? ఏమన్న నిశాన్ ఉన్నదా?"

"వెనక మూత మీద నా పేరుంటది. మేకుతోని గీకి ఉంటది."

"ఇంగ్లీషులనా?"

"ఇంగ్లీషేందిరా, మీ తాతకు ఇంగ్లీషెక్కడొచ్చె! మన భాషల."

"ఓకే, మన భాషల," అన్నాడు వాడు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఆ శుక్రవారం నుంచి నేను కూడా వాడి వెంట బయల్దేరాను. నాలాంటిది అక్కడ ఒక్కతీ లేదు. రోడ్డు మీద దుప్పట్లు పరిచి, ఒక పక్క బూట్లు, ఒక పక్క మిక్సీ జార్లు, ఇంకో పక్క గడియారాలు కుప్పలు పోసుంటాయి. పట్టీలు ఊడినవి, ముల్లు లేనివి, అద్దం పగిలినవి. కుర్రాళ్లు గొంతుక్కూర్చుని ఒక్కోదాన్ని చెవి దగ్గర ఊపి, ముఖం మీద టార్చి కొట్టి చూస్తారు. నేను ముఖం చూసేదాన్నే కాదు. చేతికందినదాన్నల్లా బోర్లా తిప్పేదాన్ని.

"అరే మౌసీ, పహలే షకల్ తో దేఖో!" ముందు ముఖం చూడమని ఒక దుకాణం ముసలాయన విసుక్కున్నాడు.

"నీ షకల్ చూస్తున్న కదా, చాలదా?" అని తెలుగులోనే అన్నాను. ఆయనకు అర్థం కాలేదు గానీ నవ్వాడు. తర్వాత నుంచి నేను వెళ్తే కూర్చోవడానికి ఒక పెట్టె ఇచ్చేవాడు.

ఎన్ని పేర్లు చూశానో ఆ మూతల మీద. ఎవరో ఆఫీసరు రిటైరైతే ఇచ్చింది, ఎవరో పెళ్లాం మొగుడికిచ్చింది, బాబాకు అని మరాఠీలో చెక్కింది. ఇవన్నీ ఎవరో ఒకరి ఇంట్లోంచి ఇలాగే తూకానికి పోయి ఉంటాయి. ఎన్ని ఇళ్లలో ఎంతమంది సీమాలున్నారో అనిపించి కడుపు మండేది.

ఒకసారి స్వప్నిల్ దూరం నుంచి ఒకటే కేక. "ఆత్యా, దొరికింది! రత్నా అని ఉంది!" పడుతూ లేస్తూ పోయి చూస్తే మరాఠీ అక్షరాల్లో రత్నాకర్ అని ఉంది, చివరి అక్షరాలు అరిగిపోయి.

"వీడెవడో మొగోడురా. నేను రత్నాకర్‌నా?" అని వాడి నెత్తిన ఒకటి మొట్టాను. ఇద్దరం నవ్వుకున్నాం. రోడ్డు మీద నిలబడి చాయ్ తాగాం.

వాడు నాకు గడియారాల గురించి చెప్పేవాడు. ముఖానికి కొత్తగా రంగు పూసి, లోపల ఒక దానివి, పైన ఒక దానివి బిగించి అమ్మే వాటిని బొంబాయి స్పెషల్ అంటారట. తెలిసినవాళ్లు వాటిని ముట్టుకోరట. "లోపల ఒకటి, పైన ఇంకోటి, ఆత్యా. దేనికీ పనికిరాదు," అన్నాడు.

"అంటే నీలెక్కనే," అన్నాను. వాడు కూడా నవ్వాడు.

వానాకాలంలో నా మోకాలు వాచింది. మెట్లు దిగడమే గగనమైంది. నేను కుప్పల దగ్గర గొంతుక్కూర్చోవడం అయ్యే పని కాదు. "నువ్వు పరేషాన్ గాకు. నేను పోతున్న కదా. ఒక్కటి విడువకుండ వెనుకకు తిప్పి చూస్త," అని మాటిచ్చాడు స్వప్నిల్. మాట నిలబెట్టుకున్నాడు కూడా. అది నేను ఒప్పుకోవాలి. ఒక్కటి కూడా విడవకుండా తిప్పి చూశాడు.

ఈ ఏడు దీపావళి మళ్లీ వచ్చింది. ఈ ఊరివాళ్లకు మల్లే మేం కూడా భావుబీజ్ చేసుకుంటాం. అక్క తమ్ముడికి హారతిస్తుంది, తమ్ముడు పళ్లెంలో ఏదో ఒకటి పెడతాడు. మంగేష్‌కు బొట్టు పెట్టి హారతిచ్చాను. వాడు కొడుకు వైపు చూశాడు. స్వప్నిల్ జేబులోంచి ఎర్ర డబ్బీ తీసి తండ్రి చేతికిచ్చాడు, వాడు దాన్ని నా పళ్లెంలో పెట్టాడు.

మూత తెరిస్తే జనతా గడియారం. కొత్త నల్ల పట్టీ. తెల్ల ముఖం.

"ఆజోబాది దొరకలే ఆత్యా. మస్తు దూండిన," అన్నాడు స్వప్నిల్ తల వంచుకుని. "ఇది సేమ్ మోడల్. డయల్ అసలుది, బొంబాయి స్పెషల్ కాదు. నీకోసమని నేనే బనాయించిన."

నాకు దుఃఖం ఆగలేదు. వాడి తల దగ్గరికి తీసుకుని ముద్దుపెట్టుకున్నాను. సీమాను కూడా ఆ క్షణంలో క్షమించేశాను. చావీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుంటే, చిన్నప్పుడు నాయిన ఒళ్లో పడుకుంటే వినబడిన చప్పుడే. తిప్పి చూశాను, అలవాటు కదా. వెనక మూత అద్దంలా ఉంది. నా ముఖమే కనబడింది.

"ఇప్పుడు గిట్ల మెరుస్తుంది గానీ, ఎంత ఖరాబుండెనో తెల్సా?" స్వప్నిల్ ఉత్సాహంగా ఫోను తీశాడు. "చూడు, ముందుగాల గిట్లుండె. అద్దం పగిలి, పట్టీ కుళ్లి. ఇగో, వెనుక చూడు."

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను.

ర. త. న. తలకట్టు అంచుదాకా సాగిపోయిన న.

ఫోను వాడి చేతిలోంచి తీసుకున్నాను. వాడు చెప్పుకుపోతూనే ఉన్నాడు.

"ఎవడో పోరగాడు జిలేబీలెక్క గీకిండు. మామూలు గీతలైతే బఫింగ్ మిషన్ మీద పెడితే పోతయ్. ఇవి పోలే. మల్లమల్ల పెట్టాల్సొచ్చింది. ఎవడోగానీ మస్తు గట్టిగ గీకిండు."

"ఎవడో కాదురా," అన్నాను. "మీ తాత."

వాడికి అర్థం కాలేదు. ఫోను వాడి ముఖం ముందు పెట్టాను. "ఇది ర. ఇది త. ఇది న. రతన. నా పేరురా ఇది! నా పేరు మిషన్ మీద పెట్టి గీకి పారేసినవ్!"

"ఇది... ఇది తెలుగా?"

"మరేందనుకున్నవ్? చెప్పిన కదరా నీకు! మన భాషల ఉంటదని చెప్పిన కదా!"

స్వప్నిల్ తండ్రి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. వాడి ముఖంలో మోసం లేదు, నిర్లక్ష్యం లేదు. అదే నన్ను కాల్చేసింది.

"మన భాష అంటే మరాఠీ కదా, ఆత్యా?" అన్నాడు.

ఆ మాట వాడు తెలుగులోనే అన్నాడు, చూడండి. ఏ భాషలో అడుగుతున్నాడో ఆ భాష వాడిది కాదట. మీద పడి చెంపలు వాయించాలనిపించింది. ఏమని వాయించను? రత్నాకర్ అని కేకేసినప్పుడు నవ్వి మొట్టికాయ వేశాను గానీ, వీడు మరాఠీ అక్షరాలు ఎందుకు వెతుకుతున్నాడని ఒక్కసారైనా నాకు తట్టలేదు. మా నాయిన రాశాడంటే తెలుగు కాక మరేముంటుందని నేను. మన రాత అంటే మరాఠీ కాక మరేముంటుందని వాడు.

నేను మంగేష్ మీద విరుచుకుపడ్డాను. "కొడుక్కి కనీసం అక్షరాలు చూపెట్టలేదారా? గిదిగో, మీ తాత గీ అక్షరాలు రాసేటోడని చెప్పలేదా?"

"నాకే రావు కద అక్కా," అన్నాడు మంగేష్. ఆ రోజు టీవీ పెట్టలేదు పాపం.

సీమాకు మాత్రం నోరాగలేదు. "పండుగ నాడు ఏంది వదినె ఈ ఏడుపు? పోయిన గడియారం అదే దొరికె కదా. సంబరపడాల్సింది పోయి. పేరుదేముంది, పోతె పోయింది."

గడియారం విప్పి పళ్లెంలో హారతి పక్కన పెట్టేశాను. "నీ కొడుకు బాగ తోమిండు సీమా. నువ్వైనా డబ్బా మూత తియ్యకుండ పంపినవ్. వాడు చేతుల పట్టుకుని చూసి మరీ చెరిపిండు," అని బయటికొచ్చేశాను. స్వప్నిల్ వెనకాలే వచ్చి గ్యాలరీలో నిలబడ్డాడు. నేను తిరిగి చూడలేదు.

నాలుగు రోజులు ఆ కొస గదివైపు అడుగు పెట్టలేదు. ఎంత ఆలోచించినా ఒకటే. ఏ కుప్పలోనో, ఏ దుప్పటి మీదో ఆ గడియారం దొరకకుండా ఉండిపోయినా బాగుండేది. నా పేరు ఎక్కడో ఒకచోట ఉందని అనుకుంటూ బతికేదాన్ని. చోర్ బజారులో అది భద్రంగానే ఉంది. చిల్లర మాలు కింద నలిగింది, తడిసింది, అయినా చెక్కుచెదరలేదు. మా ఇంటికి వచ్చి పోయింది.

తర్వాత ఒక సాయంత్రం స్వప్నిల్ మా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. చేతిలో అదే ఎర్ర డబ్బీ.

"ఆత్యా, కోపం గావద్దు. ఒక్కసారి చూడు," అన్నాడు. "నాగ్‌పాడాల లేజర్ మిషన్ ఉన్నాయన దగ్గరికి పోయిన. ఫోటో చూపెట్టిన. ఇంత వంకర మాల్ నేను కొట్టను, మంచిగ రాసి తే అన్నడు. ఫోన్ల నీ పేరు కొట్టి తెలుగు చేసిన. దుకాణంల పక్క కౌంటర్‌ది శ్రావణి అని ఉన్నది, హైదరాబాద్ పిల్ల. ఆమెకు గూడ చూపెట్టి అడిగిన. ఫోటోల ఉన్నదే గలత్, ఇదే సహీ అన్నది."

డబ్బీ తెరిచాడు. గడియారాన్ని బోర్లా తిప్పి నా అరచేతిలో పెట్టాడు.

రత్న.

నల్లగా, సమానంగా, మూతకు సరిగ్గా నడిమధ్య. తలకట్టు ఎక్కడుండాలో అక్కడే ఆగింది. త కింద న ఒత్తు ముచ్చటగా కూర్చుంది. వేలితో తడిమాను. నున్నగా ఉంది, ఎక్కడా గుచ్చుకోలేదు.

"ఈసారి మన భాషలనే రాయించిన," అన్నాడు స్వప్నిల్. నా ముఖంలోకే చూస్తున్నాడు, పరీక్ష రాసి మార్కుల కోసం నిలబడ్డవాడిలాగా. "కరెక్ట్ ఉన్నదా, ఆత్యా? తప్పేం లేదు కదా?"

నా కోపం ఎక్కడికి పోయిందో. ఊరంతా చెప్పుకునే నా కోపం, కావలసినప్పుడు రాలేదు. గడియారం చేతికి కట్టుకున్నాను. వాడే వంగి పట్టీ బిగించాడు.

"కరెక్టే ఉన్నదిరా," అన్నాను. "ఒక్క తప్పు కూడ లేదు."

ఆ తప్పు కోసమే కదా, ఏడాదంతా ఆ రోడ్ల మీద వెతికింది.